వీసా విమల

సినిమా విడుదలైన శుక్రవారం మనీషా కాలేజీ ఎగ్గొట్టింది. జగిత్యాలలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. క్లాసులో ఆమె పక్కన కూర్చునే హర్షిత, వెనక బెంచీ సాగర్ కూడా ఎగ్గొట్టారు. ముగ్గురూ కోరుట్ల పోయి పొద్దుటి ఆటకు కూర్చున్నారు. సాగర్‌ది కోరుట్ల. జగిత్యాలలోనూ అదే సినిమా ఆడుతున్నా, తమ ఊరి థియేటర్‌లో సౌండ్ బాగుంటుందని పట్టుబట్టి పిలిచాడు.

ముగ్గురికీ సినిమా పిచ్చి. కొత్త సినిమా చూడడం, మర్నాడు జగిత్యాల ఖిల్లా గోడ మీద కూర్చుని దాని గురించి వాదించుకోవడం, ఆ వాదనను సాగర్ ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టడం వాళ్లకు అలవాటు. చూసేవాళ్లు కొద్దిమందే. అయినా వాళ్లు మానలేదు. ఏ సినిమా అయినా వాళ్ల మాట చివరికి ఒక్కచోటికే వచ్చేది. తెర మీద మన మనిషి ఎట్లా ఉన్నాడు? తమ భాష మాట్లాడేవాడు ఇన్నాళ్లూ రౌడీ పక్కన నిలబడేవాడు, లేకపోతే హీరో చేతిలో తన్నులు తినేవాడు, లేకపోతే పెద్దింట్లో అంట్లు తోమే మనిషి. హీరో మాత్రం ఎప్పుడూ టీవీలో వార్తలు చదివే భాషే మాట్లాడేవాడు.

ఈ సినిమా అలాంటిది కాదని ముందే పేరొచ్చింది. సిరిసిల్లలో, పక్కనే ఉన్న తంగళ్ళపల్లిలో తీశారు. హీరో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే కుర్రవాడు. తెర మీద అతను మొదటిసారి ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ "అమ్మా, నేనచ్చిన" అన్నప్పుడు థియేటర్ అంతా లేచి నిలబడింది. సాగర్ చింపి దాచుకున్న కాగితాలు పైకి విసిరాడు. మనీషాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాట తమ ఇంట్లో రోజూ అనుకునేదే. అంత పెద్ద గొంతుతో, అంత వెలుగులో వినడం మాత్రం అదే మొదలు.

తర్వాత అరగంటకు విమల వచ్చింది. ఊళ్లో అందరూ ఆమెను వీసా విమల అంటారు. భర్త దుబాయ్‌లో ఉంటాడు. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ అతనితో ఫోన్‌లో మాట్లాడుతుంటుంది. బయట ఆటో హారన్ మోగుతుంది. వెంటనే "సిగ్నల్ పోతాంది బావా" అని ఫోన్ కట్ చేసి, కొంగు సర్దుకుని వెళ్లి ఆటో ఎక్కుతుంది. మొదటిసారి మనీషా కూడా నవ్వింది. ఆ నటి చాట పట్టుకున్న తీరు, మాట సాగదీసిన తీరు అచ్చం తన తల్లిలా ఉన్నాయి. సినిమా సాగుతుంటే ఆ దృశ్యం మళ్లీ వచ్చింది, మళ్లీ వచ్చింది. హారన్ వినపడితే చాలు, విమల నోరు తెరవకముందే జనమే ఆ మాట అంటున్నారు. మనీషా నవ్వు ఎప్పుడు ఆగిందో ఆమెకే తెలియలేదు.

ఆమె తండ్రి ప్రకాశ్ మస్కట్‌లో ఉంటాడు. ఆమె నాలుగో తరగతిలో ఉండగా అక్కడికి పోయాడు. రెండేళ్లకోసారి వచ్చి నెలన్నర ఉండి పోతాడు. రాయికల్‌లో ఇల్లు, పొలం, బ్యాంకు పని అన్నీ తల్లి తిరుమలే చూసుకుంటుంది. మిగిలిన పొద్దంతా బీడీలు చుడుతుంది. పొలానికి యూరియా బస్తా వేయాలన్నా, వడ్లు మార్కెట్‌కు పోవాలన్నా, కూతురికి జ్వరమొస్తే జగిత్యాల దవాఖానకు తీసుకుపోవాలన్నా అదే వాడలో ఉండే ఓదెలు ఆటోయే. ఓదెలు ఆమెను చెల్లె అని పిలుస్తాడు. మనీషాను చిన్నప్పుడు బడికి దింపింది కూడా అతనే.

మర్నాడు ఖిల్లా గోడ మీద వీడియో తీసేటప్పుడు మనీషా భాష గురించి చాలాసేపు మెచ్చుకుంది. చివర్లో, గల్ఫ్ భార్యను అట్లా చూపించకుండా ఉండాల్సిందని కూడా అంది. సాయంత్రం సాగర్ పెట్టిన వీడియోలో ఆ మాట లేదు. ఎందుకు తీసేశావని ఫోన్ చేసి అడిగితే అతను నిజాయితీగానే చెప్పాడు. మన భాషలో తీసిన సినిమా ఒకటి ఇన్నాళ్లకు ఆడుతోంది, బయటివాళ్లు ఎట్లాగూ తప్పులు వెతుకుతారు, మనమే ఎందుకు మొదలుపెట్టాలి అన్నాడు.

సోమవారం కాలేజీలో ఆ సంగతి మళ్లీ వచ్చింది. ఈసారి హర్షిత కలగజేసుకుంది. ఆమెది ఒకప్పటి దొరల కుటుంబం. తాత మాధవ రావుకు ఇప్పటికీ ఊళ్లో గడీ, కొంత భూమి ఉన్నాయి.

"నేను గిదే మాట అన్నప్పుడు నువ్వేమన్నవ్ మనీషా? ప్రతి సినిమాల దొర అంటే కొరడా పట్టుకునెటోడే, మా తాతకు బీపీ గోలి ఏసుకునుడే ఎర్క గానీ కొరడా యాడిది అన్న. నువ్వు నవ్వి, సినిమాను సినిమా లెక్క చూడు అన్నవ్."

ఆ మాట మనీషా అన్నది నిజమే. రెండూ ఒకటి కావని ఆమెకు లోపల అనిపిస్తోంది. ఎందుకు కావో మాత్రం అప్పుడు చెప్పలేకపోయింది.

వారం తిరక్కుండానే విమల సిగ్నల్ మాట థియేటర్ దాటి బయటికొచ్చింది. పిల్లలు రీల్స్ చేశారు. రాయికల్ బస్టాండ్‌లో కండక్టర్లు ఒకరితో ఒకరు అనుకున్నారు. ఎవరి ఫోన్ కట్టయినా ఆ మాటే. ఎవరి మీదా పగతో అన్నది కాదు. ఊరికే, నోటికి ఇంపుగా ఉందని అనేవారు. సంతలో తిరుమల కూరగాయలు కొని ఓదెలు ఆటో ఎక్కబోతుంటే వెనక నుంచి ఎవరో ఆడగొంతుతో అదే మాట అన్నారు. నలుగురు నవ్వారు. తిరుమల సినిమా చూడలేదు. వాళ్లు తననే అంటున్నారని ఆమెకు తెలియలేదు. ఇంటికొచ్చి, అందరూ ఏందో సిగ్నల్ సిగ్నల్ అంటుండ్రు అని కూతుర్నే అడిగింది. మనీషా ఏదో పాటలే అని దాటేసింది.

ఆ అబద్ధం రెండు రోజులు కూడా నిలవలేదు. ఆగస్టు వానలు పడుతున్నాయి. యూరియా దొరకడమే కష్టంగా ఉంది. ఓదెలు పొద్దుటి నుంచి సొసైటీ ముందు వరుసలో నిలబడి తనకొక బస్తా, తిరుమలకొక బస్తా సంపాదించాడు. సాయంత్రం వాన తెరిపివ్వగానే తెచ్చి ఇంటి ముందు హారన్ కొట్టాడు. సరిగ్గా అప్పుడే తిరుమల ఇంటి ముందు వసారా దలానంలో నిలబడి భర్తతో మాట్లాడుతోంది. వానకు ఆ రోజంతా సిగ్నల్ సరిగ్గా లేదు. హారన్ మోగింది, ఫోన్ ఆగిపోయింది.

మస్కట్‌లో ప్రకాశ్ ఉండేది ఆరుగురు మనుషుల గదిలో. అందరూ ఇటువైపు వాళ్లే. ముందు శుక్రవారమే అందరూ కూర్చుని ఎవరి ఫోన్‌లోనో ఆ సినిమా చూశారు. ప్రకాశ్ స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాడు. హారన్ గది అంతా వినిపించింది. ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేదు. గదిలో వాళ్లు చెడ్డవాళ్లు కాదు. వాళ్ల భార్యలు కూడా ఊళ్లలోనే ఉన్నారు. అయినా నవ్వు ఆపుకోలేకపోయారు.

మళ్లీ ఫోన్ కలిసేసరికి చాలాసేపు పట్టింది. మనీషా అప్పుడు పక్కనే ఉంది. ఈసారి తండ్రి వీడియోలో వచ్చాడు. గదిలోంచి బయటికి వచ్చి, మెట్ల దగ్గర నిలబడ్డట్టున్నాడు.

"ఎవరచ్చిండ్రు?" అని అడిగాడు.

"ఓదెలన్న. యూరియా దెచ్చిండు," అంది తిరుమల.

"ఫోన్ ఎందుకు కట్ చేసినవ్?"

"నేను చెయ్యలె. సిగ్నల్..." అనబోయి ఆమె ఆగిపోయింది. అవతల అతని ముఖంలో ఏదో మారడం చూసి ఆగింది.

ఒకసారి ఇల్లు చూపించమన్నాడు ప్రకాశ్. ఏ ఇల్లని ఆమె అడిగింది. మన ఇల్లే, ఊరికే చూడబుద్ధయింది అన్నాడు. తిరుమల ఫోన్ తిప్పి పట్టుకుని దలానం చూపించింది, ముందు గది చూపించింది. అంతటితో ఆగి ఉంటే అతనూ ఆగేవాడే. ఆమె ఆగలేదు. వంటింట్లోకి పోయింది. లైటు వేసి వడ్ల గది చూపించింది. పెరటి తలుపు తీసి, స్నానాల గది తడక తొలగించి చూపించింది. మళ్లీ లోపలికి వచ్చి, వంగి, మంచం కింద కూడా ఫోన్ పెట్టింది.

"సాలు తియ్ తిరుమలా," అన్నాడు ప్రకాశ్.

ఫోన్ పెట్టేశాక తిరుమల కూతురిని దగ్గరికి పిలిచింది. ఆ సినిమాల ఏమున్నదో ఉన్నదున్నట్టు చెప్పమంది. మనీషా చెప్పింది. తిరుమల చివరి దాకా విని, బస్తా వానకు తడుస్తుందని బయటికి పోయి ఒక్కతే లోపలికి ఈడ్చుకొచ్చింది. ఓదెలు దాన్ని గేటు దగ్గరే దించి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఓదెలు ఆటో ఆ వీధిలోకి రావడం మానేసింది. తిరుమల ఫోన్ చేస్తే, వేరే కిరాయి ఉందనో టైరు పంచరనో చెప్పేవాడు. మనీషా ఒకరోజు కాలేజీ బస్సు దిగి నేరుగా ఆటో అడ్డా మీదికే పోయింది. అతను ఆమెను చూసి కొంచెం దూరం నడిచి, పాన్ డబ్బా వెనక నిలబడ్డాడు. ఆమె ఏమీ అడగకముందే చెప్పాడు.

"నేనేం జెయ్యాలె బిడ్డా? హారన్ కొడితె నవ్వుతుండ్రు. కొట్టకుంటె, ఏందిరో సప్పుడు లేకుంట పోతున్నవ్ అని నవ్వుతుండ్రు. మీ అమ్మ నాకు చెల్లె అసొంటిది. గా మాట నేను నలుగుట్ల అంటె ఇంకింత నవ్వుతరు. మా ఇంటామె ఐలవ్వకు నా మీద అనుమానం లేదు. అయినా ఆమె గూడ నాల్రోజులు అటు పోకు అన్నది."

నాల్రోజులు కాస్తా నెల దాటింది. తిరుమల కలుపు తీతకు కూలీలను పిలవడానికి నడిచిపోయింది, సంతకు నడిచిపోయింది. బీడీల గంపను నెత్తిన పెట్టుకుని కార్ఖానాకు నడిచిపోయింది. అడిగితే, నడిస్తే మంచిదే అనేది.

ఆ రోజుల్లోనే సిరిసిల్లలో ఆ సినిమా వాళ్లు సభ పెట్టారు. సినిమా తీసిన ఊరికి కృతజ్ఞత చెప్పుకోవడానికని ఒక ఫంక్షన్ హాల్లో ఏర్పాటు చేశారు. డైరెక్టర్, నటీనటులు వచ్చారు. యూట్యూబ్ చానళ్ల వాళ్లను కూడా పిలవడంతో సాగర్‌కు మూడు పాసులు దొరికాయి. హర్షిత పని ఉండి రాలేదు. మనీషా వస్తానంది. దారిలో బస్సులో ఏం అడగాలో మనసులో చాలాసార్లు అనుకుంది. మర్యాదగా, ఇంటి సంగతి ఎత్తకుండా, సినిమా మనుషులు మాట్లాడుకునే తీరులో అడగాలనుకుంది. ఖిల్లా గోడ మీద అట్లాంటి మాటలు ఆమెకు ఎన్నో వచ్చేవి.

ప్రశ్నలు అడగమన్నప్పుడు సాగరే చెయ్యెత్తి ఆమెకు మైకు ఇప్పించాడు. మైకు చేతికి రాగానే హాలంతా తన వైపు తిరిగింది. సిద్ధం చేసుకున్న మాటల్లో సగం పోయాయి.

"సార్, సినిమా మాకు మస్తు నచ్చింది. మా భాషల తీసిండ్రు. కానీ విమలను ఎందుకట్ల పెట్టిండ్రు? మా బాపు మస్కట్‌ల ఉంటడు. మా అమ్మ ఆటో ఎక్కితె నవ్వుతుండ్రు సార్," అంది.

హాల్లో అక్కడక్కడా నవ్వు పుట్టింది. డైరెక్టర్ చెయ్యెత్తి ఆపాడు. ముప్పయ్యేళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఆ ప్రశ్న తనకు నిజంగా బాధ కలిగించిందన్నాడు. విమల ఒక్క పాత్ర మాత్రమే, అందరూ అట్లా ఉంటారని తాను అనలేదన్నాడు. తన అమ్మమ్మది సిరిసిల్లే, ఈ గడ్డ మీది తల్లులంటే తనకు దేవతలు, వాళ్ల కాళ్లకు మొక్కుతానన్నాడు. చప్పట్లు మోగాయి. మనీషా ఇంకా నిలబడే ఉంది. తాను అడిగింది దేవతల గురించి కాదని చెప్పాలనుకుంది. మైకు అప్పటికే ఎవరో తీసుకున్నారు.

చప్పట్ల మధ్య వెనక నుంచి కుర్రవాళ్లు విమల డైలాగ్ కావాలని అరిచారు. సభ నడిపించే అమ్మాయి ఆ వేషం వేసిన నటికి మైకు ఇచ్చింది. ఆ నటి మనీషా వైపు చూసింది. ఒక క్షణం తటపటాయించింది, వద్దన్నట్టు తల కూడా ఊపింది. అరుపులు పెరిగాయి. డైరెక్టర్ నవ్వుతూ కానివ్వమన్నాడు. ఆమె ఆ మాట అంది. హాలు దద్దరిల్లింది. మనీషా కూర్చోవాలో బయటికి పోవాలో తెలియక అట్లాగే నిలబడింది. చివరికి సాగర్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

ఆ సాయంత్రానికే ఎవరో ఆ ముక్క ఫోన్‌లలో తిప్పారు. ముందు మనీషా ప్రశ్న, వెంటనే ఆ నటి మాట. పైన 'అసలు వీసా విమల కూతురు' అని రాశారు. సాగర్ దాన్ని పెట్టినవాళ్లకు మెసేజ్ పెట్టి బతిమాలాడు, ఫిర్యాదు చేశాడు. ఒకటి తీసేశారు. అప్పటికి మరో రెండు చోట్ల వచ్చింది. ఖిల్లా గోడ మీద తీసిన వీడియోను కూడా అతను తీసేశాడు. దాన్ని ఎట్లాగూ పెద్దగా ఎవరూ చూడలేదు. మనీషాకు ఫోన్ చేసి, ఆ రోజు నీ మాట కోసెయ్యకుండా ఉండాల్సింది అన్నాడు. ఉంచినా ఏమయ్యేది సాగర్ అంది ఆమె. ఆమెకు కోపం కూడా రాలేదు.

రాయికల్‌లో ఆ ముక్క చూడనివాళ్లు లేరు. బీడీలు అప్పజెప్పేటప్పుడు కార్ఖానాలో పక్కన కూర్చునే రమ తన ఫోన్‌లో తిరుమలకు చూపించింది. నీకు తెలియాలని చూపిస్తున్నా అంది. ఇంటికొచ్చాక తిరుమల కూతురిని కేకలేయలేదు.

"నువ్వు మంచికే అడిగినవ్ బిడ్డా. మీ అమ్మ పేరు ఎందుకెత్తినవ్?" అంది. ఆ తర్వాత అన్నం పెట్టింది.

మస్కట్ నుంచి ప్రకాశ్ కూడా కూతురిని ఏమీ అనలేదు. అతను గది మారాడు. తన అన్న ఇంట్లో ఉన్న తల్లి భూమవ్వను వెళ్లి కొన్నాళ్లు రాయికల్‌లో ఉండమన్నాడు. తిరుమలకు తోడుగా ఉంటుందని చెప్పాడు. ఆ మాట అతను ఎంత మంచిగా చెప్పినా, ఆ ముసలామె ఎందుకొచ్చిందో వాడకంతా తెలుసు. భూమవ్వకు కూడా తెలుసు. అది ఆమెకు నచ్చలేదు. కోడలి ముఖంలోకి సూటిగా చూడలేకపోయేది. పగలంతా గడపలో కూర్చుని, ఎవరైనా పలకరిస్తే, పెద్దోని ఇంటికాడ ఉండబుద్ధి గాక వచ్చిన అని చెప్పేది. తిరుమల ఆమెకు వేళకు చాయ్ పోసేది, మోకాళ్లకు నూనె రాసేది. ఇద్దరి మధ్యా ఆ సంగతి ఒక్కసారి కూడా రాలేదు.

దసరా ముందు హర్షిత రాయికల్ వచ్చింది. కాలేజీలో అన్న మాట తప్పని చెప్పడానికి వచ్చిందని మనీషాకు తెలుస్తూనే ఉంది. బస్సెక్కించడానికి నడిచి పోతుంటే హర్షిత చెప్పింది.

"మా తాతను సినిమాల ఎన్నిసార్లు చంపినా, ఆట అయిపోంగనే ఊళ్లె మళ్ల దొరా అనే పిలుస్తరు. గది నాకు గప్పుడు తట్టలే."

ఆ సోమవారం కాలేజీలో వెతికి దొరకని జవాబు అదే. ఇప్పుడు దొరికినందుకు మనీషాకు ఏమీ అనిపించలేదు. బస్సు వచ్చింది. హర్షిత ఎక్కి కిటికీలోంచి చెయ్యూపింది.

శీతాకాలానికి జనం ఆ మాట మరిచిపోయారు. వేరే సినిమా వచ్చింది, వేరే మాట పట్టుకున్నారు. బస్టాండ్‌లో ఎవరూ తిరుమల వైపు చూసి నవ్వడం లేదు. అయినా ఓదెలు ఆటో మళ్లీ రాలేదు. అతను జగిత్యాలలో అడ్డా పెట్టుకున్నాడు. దారిలో కనిపిస్తే, బాగున్నవా చెల్లె అని తల దించుకుని పోతాడు. భూమవ్వ తిరిగి పోలేదు. పొమ్మంటే ఏదో ఒప్పుకున్నట్టవుతుందని తిరుమల అనలేదు. ఇక వెళ్లమంటే, కాపలాకే పంపినట్టు తేలుతుందని ప్రకాశ్ కూడా అనలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమా టీవీలో వచ్చింది. భూమవ్వ చూస్తోంది. మనీషా రిమోట్ అందుకోబోతే తిరుమల ఉండనియ్యి అంది. చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూసింది. హీరో తల్లితో మాట్లాడుతుంటే కొంగుతో కళ్లు తుడుచుకుంది. విమల వచ్చినప్పుడల్లా చుట్టడం ఆపి శ్రద్ధగా చూసింది. ఒకచోట భూమవ్వ నవ్వి, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తిరుమల నవ్వలేదు, కోపగించుకోలేదు. విమల భర్త దుబాయ్ నుంచి దిగి, ఇంటి ముందు ఆటో చూసి కర్ర పట్టుకుని ఆమె వెంటపడ్డాడు. సినిమాలో ఊరంతా నవ్వింది. ఆ పైన పెళ్లి, పాట, సినిమా అయిపోయింది.

పేర్లు పడుతుంటే తిరుమల కూతురిని అడిగింది.

"ఆఖరుకు గామె ఏమైందే?"

"ఎవరు?"

"గా విమల. మొగడు కట్టె పట్టుకుని ఉరికిండు గదా. ఎన్కకు ఏమైంది? కొట్టిండా, ఎల్లగొట్టిండా? పిల్లలు లేరా ఆమెకు?"

మనీషా ఆ సినిమాను థియేటర్‌లో ఒకసారి, ఇప్పుడు టీవీలో ఒకసారి చూసింది. కెమెరా ఎక్కడుందో, పాట ఎక్కడొస్తుందో చెప్పగలదు. ఎంత గుర్తు చేసుకున్నా దీనికి సమాధానం దొరకలేదు. కర్ర తర్వాత విమల మళ్లీ ఎక్కడా కనిపించలేదు. చివరి పెళ్లిలో జనం మధ్య కూడా లేదు.

"చూపియ్యలేదమ్మా," అంది.

తిరుమల బీడీకి ఇంకో తునికాకు తీసుకుని కత్తిరించడం మొదలుపెట్టింది.